రెండో కంచం ఎవరిది? బోదె పక్క అంగన్‌వాడీలో ఒక కేస్ స్టడీ

ఆ రోజు పప్పన్నం, కోడిగుడ్డు. ఆయా పదిహేడు కంచాలు పరిచింది. పిల్లలు వరసగా కూర్చున్నాక రెండు కంచాలు మిగిలాయి. ఒకటి ఎవరిదో ఆమెకి వెంటనే తట్టింది. ఒక పాపని వాళ్ళ తాత ఇందాకే ఇంటికి తీసుకెళ్ళాడు.

"టీచర్‌గారూ, ఒకటి ఆ పిల్లదనుకోండి, రెండో కంచం ఎవరిదండీ?"

ఆమె అలా అడిగినప్పుడు టీచర్‌గారు నా పక్కనే కూర్చుని ఉన్నారు. మా ఇద్దరి మధ్యా స్టాక్ రిజిస్టరు తెరిచి ఉంది. నేను సెక్టార్ సూపర్‌వైజర్‌ని. ఆ కేంద్రంలో పిల్లల భద్రత ఎలా ఉందో చూడటం కూడా నా పనే, ఆ పని మీదే వెళ్ళాను. తనిఖీ జరుగుతుండగానే పిల్లాడు బయటికి వెళ్ళిపోయాడు. నిజానికి తనిఖీ జరుగుతోంది కాబట్టే వెళ్ళిపోయాడు. ఈ కేసు రాయడానికి కారణం అదే.

పిల్లాడు క్షేమంగా దొరికాడని ముందే చెప్పేస్తున్నాను. చదివేవాళ్ళని టెన్షన్ పెట్టడానికి రాయడం లేదు. ఊరి పేరు, మనుషుల పేర్లు కావాలనే వదిలేశాను. పిల్లాడి వయసు మూడేళ్ళ ఎనిమిది నెలలు. ఇక్కడ బాబు అంటాను.

కేంద్రం, దాని చుట్టూ నీళ్ళు

ఊరు కోనసీమలో, గౌతమికీ వశిష్ఠకీ మధ్యన. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి ఈ నేలలో కాలువ లేని ఊరు, బోదె (చిన్న పంట కాలువ) లేని చేను, మురుగు డ్రైను లేని పేట వెతికినా దొరకవు. నీటికి దూరంగా కేంద్రం పెట్టాలని ఎవరైనా రూలు రాస్తే నా సెక్టార్లో ఒక్క కేంద్రమూ మిగలదు. సుమారు పాతిక కేంద్రాలు నావి. ప్రతి దాని నుంచీ కేకేస్తే వినపడేంత దూరంలో ఏదో ఒక నీరు ఉంది. ఈ పదేళ్ళలో రొయ్యల చెరువులూ దానికి తోడయ్యాయి.

ఈ కేంద్రానికి ఒకటే గది, ముందు వరండా, పక్కన చిన్న వంటగది. ముందు సిమెంటు రోడ్డు, ఇనప గేటు. వెనక కొబ్బరి తోట, తోట దాటితే బోదె, బోదెకి నాలుగు మెట్ల రేవు. ఆడవాళ్ళు గిన్నెలు తోముకునేది, బట్టలు ఉతుక్కునేది అక్కడే. గేటు బయటికి వచ్చి పక్క సందులో తిరిగితే నేరుగా రేవుకే దారి. తర్వాత టేపు పట్టి కొలిస్తే గేటు నుంచి రేవు మొదటి మెట్టుకి ఎనభై మీటర్లు.

మే నెలలో ఇదే కేంద్రానికి వెళ్ళి ఫారం నింపాను. అందులో ఒక గడి ఉంటుంది, కేంద్రం దగ్గర్లో ప్రమాదకరమైన నీటి వనరులు ఉన్నాయా అని. నేను 'లేవు' అని రాశాను. అబద్ధం రాయాలని రాయలేదు. దాళ్వా (రెండో వరి పంట) కోతలయ్యాక కాలువలు కట్టేసిన రోజులవి. బోదె ఎండి పగుళ్ళిచ్చి ఉంది. అందులో మేకలు మేస్తున్నాయి, పెద్ద పిల్లలు కర్రముక్కతో క్రికెట్ ఆడుతున్నారు. నా కళ్ళకి అది బోదెలా కనపడలేదు, ఆటస్థలంలా కనపడింది. పిల్లలకీ అలాగే కనపడి ఉంటుంది. వేసవంతా అక్కలూ అన్నలూ బాబుని చంకనేసుకుని అందులోనే ఆడించారని తర్వాత వాళ్ళమ్మ చెప్పింది. జూన్‌లో కాలువలకి నీళ్ళు వదిలారు. నేలకి తెలిసింది, చేలకి తెలిసింది. మూడేళ్ళ పిల్లాడికి ఎవరు చెప్పాలి?

ఆ ఇరవై అయిదు నిమిషాలు

జులై మొదటి వారం. ఊరంతా ఊడ్పుల్లో ఉంది. నేను పదీ యాభైకి వెళ్ళాను. పిల్లలు చేతులూపుతూ పాట పాడుతున్నారు, టీచర్‌గారు మధ్యలో నిలబడి ఆడిస్తున్నారు. నన్ను చూడగానే పాట ఆగింది. "మేడమ్‌గారికి నమస్తే చెప్పండి" అన్నారు. చెప్పారు. కుర్చీ వచ్చింది, మంచినీళ్ళు వచ్చాయి. నేను రిజిస్టర్లు అడిగాను.

హాజరు, స్టాకు, బరువుల పట్టిక, ఆ తర్వాత ఫోన్లో పోషణ్ ట్రాకర్, అంటే అంగన్‌వాడీ వివరాలు ఎక్కించే యాప్. గదిలో సిగ్నల్ రాదు, వరండా చివర స్తంభం దగ్గర వస్తుంది. ఆమె ఫోన్ పట్టుకుని అక్కడికి వెళ్ళారు, నేనూ వెళ్ళి ఆవిడ భుజం మీంచి స్క్రీన్ చూస్తున్నాను. ఆయా వంటగదిలో గుడ్ల తొక్కలు తీస్తోంది. పిల్లల్ని "బొమ్మలు తీసుకుని ఆడుకోండమ్మా" అని వదిలేశాం. ఆ గదిలో అప్పుడు పెద్దమనిషన్నది ఎవరూ లేరు. అందరం పదడుగుల లోపే ఉన్నాం, అయినా ఎవరూ లేరు.

పదకొండూ ఇరవైకి ఒక తాత వచ్చాడు, మనవరాలిని టీకాకి తీసుకెళ్ళాలని. గేటు దగ్గర్నుంచే "తీసుకెళ్తున్నానమ్మా" అని కేకేశాడు. టీచర్‌గారు ఫోన్ లోంచి తల ఎత్తకుండానే "సరేనండి" అన్నారు. నేనూ విన్నాను, నేనూ తలెత్తలేదు. ఆయన ఒక చేత్తో పిల్లని, ఇంకో చేత్తో సైకిల్‌ని పట్టుకుని వెళ్ళాడు. గొళ్ళెం పెట్టడానికి మూడో చెయ్యి లేదు.

బాబు ఆ వెనకే వెళ్ళాడు. ఎప్పుడు వెళ్ళాడో మా ఎవరికీ తెలియదు, ఒక్క అయిదేళ్ళ పాపకి తప్ప. అంతా అయ్యాక ఆ పాప పక్కన కూర్చుని అడిగితే చాలా మామూలుగా చెప్పింది. "ఆడు బాతుల కాడికి ఎల్లాడు. నేను చూసేను." మరి చెప్పలేదేం అంటే, "మీరు రాసుకుంటన్నారు కదా" అంది.

పదకొండూ నలభై అయిదుకి కంచాలు పరిచారు. రెండో కంచం మాట వచ్చింది. మేం ముందు చేసిన పని ఏమిటంటే గుమ్మం వైపు చూడటం. గుమ్మం దగ్గర పిల్లల చెప్పుల వరస ఉంటుంది. బాబు నీలం రబ్బరు చెప్పులు అక్కడే ఉన్నాయి. "చెప్పులున్నాయి కదా, లోపలే ఎక్కడో ఉంటాడు" అని టీచర్‌గారు అన్నారు, నేనూ అనుకున్నాను. మరుగుదొడ్డి, బియ్యం డ్రమ్ము వెనక, తలుపు చాటు వెతికాం. రెండు నిమిషాలు అలా పోయాయి. ఆ తర్వాతే గేటు తెరిచి ఉండటం కనపడింది.

రోడ్డు మీదికి పరుగెత్తుతుంటే పైనుంచి కేక వినపడింది. తోటలో దింపు తీస్తున్న మనిషి కొబ్బరి చెట్టు మీద ఉన్నాడు. "ఎవరి పిల్లోడోయ్, రేవులో కూకున్నాడు!" ఆ ఎత్తు నుంచి అతనికి రేవు కనపడుతుంది, మాకు కనపడదు. అతను కింద ఉన్న కూలీని అప్పటికే పరుగెత్తించాడు. మేం వెళ్ళేసరికి ఆ కుర్రాడు బాబుని ఎత్తుకుని ఎదురొచ్చాడు. మోకాళ్ళ దాకా తడి, అంతే. రెండో మెట్టు మీద కూర్చుని నీళ్ళలో ఆకులు వదులుతున్నాడట. నీళ్ళు మూడో మెట్టు దగ్గర ఉన్నాయి. ఆ కింద మెట్టుకి నాచు పట్టి ఉంది.

ఆయా అక్కడే రోడ్డు మీద కూలబడి ఏడ్చింది. టీచర్‌గారు ఏడవలేదు, పిల్లాడిని ఎత్తుకుని గదిలోకి తీసుకెళ్ళి అన్నం పెట్టారు. నేను ఏం చేయాలో తెలియక గేటు గొళ్ళెం పెట్టాను.

ఎవరిది తప్పు అన్న ప్రశ్న

సాయంత్రం పైవాళ్ళకి ఫోన్ చేసి చెప్పాను. "టీచర్‌కి మెమో ఇచ్చేయండి, ఫైల్లో ఉంటుంది" అన్నారు. మెమో రాయడం ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా తేలిక పని. ఒక పేజీ, ఒక సంతకం, అందరికీ నిద్ర పడుతుంది. కానీ మెమోలో ఏం రాయాలి? 'తనిఖీ అధికారి అడిగిన రిజిస్టర్లు చూపిస్తూ పిల్లలను గమనించలేదు' అని రాయాలి. ఆ వాక్యం రాయబోతే చెయ్యి సాగలేదు. మెమోకి బదులు నివేదిక రాశాను, అందులో నిమిషాల వారీగా ఎవరు ఎక్కడున్నారో ఒక పట్టిక పెట్టాను. నా పేరు కూడా అందులో ఉంది. దానికి నాకు రావలసింది నాకు వచ్చింది, ఆ సంగతి ఇక్కడ అనవసరం.

రూళ్ళ ప్రకారం చూస్తే ఆ రోజు ఆ కేంద్రంలో లోటు లేదు. ప్రైవేటు ప్లే స్కూళ్ళకి జాతీయ బాలల హక్కుల కమిషన్ పెట్టిన మార్గదర్శకాల్లో ఇరవై మంది పిల్లలకి ఒక టీచరు, ఒక సంరక్షకురాలు ఉండాలి. 2022లో పాల్నాగా మారిన జాతీయ క్రెష్ పథకంలో పాతిక మందికి ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు ఉండేవారు. మా దగ్గర పదిహేడు మందికి ఇద్దరు. పైగా నేను కూడా ఉన్నాను, ముగ్గురం. ఏ లెక్కలో చూసినా పాస్. కానీ ఆ లెక్క పోస్టుల లెక్క, కళ్ళ లెక్క కాదు. ఒకరి కళ్ళు పొయ్యి మీద, ఒకరివి ఫోన్ మీద, ఒకరివి ఆ ఫోన్ పట్టుకున్న చెయ్యి మీద. పిల్లల మీద ఉన్నవి సున్నా.

ఆ తర్వాత నా సెక్టార్లో మూడు నెలలు ఒక పని చేశాను. వెళ్ళిన ప్రతి కేంద్రంలో అరగంట వెనక గోడకి ఆనుకుని కూర్చుని, పిల్లల్ని చూసేవాళ్ళు ఎవరూ లేని నిమిషాలు ఎప్పుడొస్తున్నాయో రాసుకున్నాను. పాటల వేళ రావు, ఆటల వేళ దాదాపు రావు. ఒక పని అయిపోయి ఇంకో పని మొదలయ్యే సందులో వస్తాయి: పొద్దున పిల్లల్ని దింపుతున్నప్పుడు, చేతులు కడిగించేటప్పుడు, వడ్డించేటప్పుడు, నిద్రపుచ్చి "హమ్మయ్య" అనుకున్నాక, ఎవరో ఒక తల్లి ముందుగా వచ్చినప్పుడు. ఇవి కాక బయటి మనిషి వచ్చినప్పుడు. ఏఎన్‌ఎమ్ (ఊళ్ళో టీకాలేసే నర్సు) వచ్చినా, పంచాయతీ వాళ్ళొచ్చినా, గుడ్ల బండి వచ్చినా, సూపర్‌వైజర్ వచ్చినా అంతే. మా ఫారంలో గేటుందా, గోడుందా, మందుల పెట్టె ఉందా అని అడిగే గడులు చాలా ఉన్నాయి. ఈ సందుల గురించి ఒక్క గడీ లేదు.

మరో మాట. పదిహేడు అన్న అంకె ఆ రోజు మూడు చోట్ల ఉంది, హాజరు పట్టీలో, ఫోన్లో, వంటగదిలో. మూడూ పొద్దున అంకెలే. ఒక పాప వెళ్ళిపోయాక పదహారు అవ్వాలి, ఎక్కడా అవ్వలేదు. ఆ అంకె తగ్గి ఉంటే ఆయాకి మిగిలేది ఒకే కంచం, ఆ ఒక్కటీ బాబుదే. అది ఎవరిదని ఆలోచించే పని ఉండేది కాదు. అయినా ఆయా కంచాలు లెక్కపెట్టే మనిషి కాబట్టి బయటపడింది. ఆమె ఆ రోజు ముందు వడ్డించేసి, కంచాలు తర్వాత చూసుకునే రకమైతే ఇంకో పది నిమిషాలు పోయేవి. నీళ్ళలో పడ్డ పిల్లాడికి ఊపిరి ఆగాక నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. చిన్నపిల్లలు సినిమాల్లోలా చేతులు కొట్టుకుంటూ అరవరు కూడా. చప్పుడు లేకుండా మునిగిపోతారు.

ఊరు తీసుకున్న నిర్ణయం

మర్నాడు హాజరు ఆరు. ఆ వారమంతా ఆరో ఏడో. "కాలవ పక్క బడికి పంపం" అన్నారు తల్లులు. కేంద్రం తీయించేయమని ఒక పెద్దాయన అర్జీ కూడా రాశారు. వాళ్ళ భయం నాకు అర్థమైంది. కానీ పంపకపోతే ఆ పిల్లలు ఎక్కడున్నారు? ఇల్లిల్లూ తిరిగాను. ఊడ్పుల కాలం, తల్లులంతా పొద్దున ఏడింటికే చేలో దిగుతున్నారు. మూడేళ్ళ పిల్ల ఏడేళ్ళ అక్క దగ్గర ఉంది, ఆ అక్క బోదెలో గిన్నెలు కడుగుతోంది. ఇంకో ఇంట్లో చూపు సరిగా ఆనని మామ్మ, చేతిలో కర్ర, కాలికి తాడు కట్టిన రెండేళ్ళవాడు. తాడు రెండో కొస మంచం కోడుకి. బాబు తల్లి అతన్ని చేను గట్టు మీదే కూర్చోబెట్టుకుంటోంది. గట్టుకి ఒక పక్క దమ్ము చేసిన చేను, రెండో పక్క బోదె.

బంగ్లాదేశ్‌లో మనలాంటి డెల్టా పల్లెల్లో దీని మీద చాలా పని జరిగింది. ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లలు నీళ్ళలో పడి పోవడం ఎక్కువగా పొద్దున తొమ్మిదికీ మధ్యాహ్నం ఒంటిగంటకీ మధ్య, తల్లులు పనుల్లో ఉన్నప్పుడే జరుగుతోందని అక్కడ గమనించారు. ఆ వేళల్లోనే నడిచేలా ఊళ్ళలో 'ఆంచల్' అనే కేంద్రాలు పెట్టారు. వాటికి వచ్చిన పిల్లల్లో మునక మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. పల్లెల్లో నీటి ప్రమాదాలు తగ్గించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పనుల్లో బడి ఈడు రాని పిల్లలకి నీటికి దూరంగా, పెద్దవాళ్ళ పర్యవేక్షణలో ఒక చోటు ఉండటం ఒకటి. అంటే నీటి ప్రమాదానికి మందు ఈ కేంద్రమే. దాన్ని మూసేస్తే ఒక్క బాబుని కాపాడబోయి పదిహేడు మందిని గట్టు మీద కూర్చోబెట్టినట్టు.

ఇదంతా తల్లుల మీటింగులో చెప్పాను. పెద్దగా పని చేయలేదు. పని చేసింది బాబు తల్లి మాట. ఆమె లేచి, "మేడమ్‌గారూ, మీరున్నప్పుడే పోయేడు నా కొడుకు. ఇక మీరు లేనప్పుడు ఏం చేస్తారో చెప్పండి" అంది. అందరి ముందూ తప్పు ఒప్పుకుని, ఏమేం మారుస్తామో ఒక్కొక్కటీ చెప్పాను. "రేపట్నుంచి తీసుకొత్తాను. నేనూ కూకుని చూత్తాను" అంది. మూడు రోజులు కూలి మానుకుని నిజంగానే వచ్చి కూర్చుంది. నాలుగో రోజుకి హాజరు పదమూడు.

మార్చినవి, మారనివి

అన్నిటికంటే తేలిగ్గా మారింది నా పని పద్ధతి. పిల్లలున్నంత సేపూ రిజిస్టరు అడగను. వెళ్ళి ఒక మూల కూర్చుంటాను, టీచరు లేచి నిలబడనక్కర్లేదు, నీళ్ళు ఇవ్వనక్కర్లేదు. పిల్లలు వెళ్ళిపోయాక గంట కూర్చుని రాతపనంతా చూస్తాను. దీనివల్ల రోజుకి రెండు కేంద్రాలు చూసేదాన్ని ఒకటే చూడగలుగుతున్నాను. నెల చివర నా టార్గెట్ గళ్ళు ఖాళీగా ఉంటున్నాయి. ఇది ఇంకా పరిష్కారం కాని గొడవ.

రెండోది మాట. ఒకరు పక్కకి వెళ్ళాల్సి వస్తే "పిల్లలు మీ మీద" అని చెప్పాలి. రెండోవాళ్ళు ఉత్తినే ఊఁ అనకూడదు, తలలు లెక్కపెట్టి "పదహారు, నా మీద" అని అంకెతో బదులు చెప్పాలి. అంకె చెప్పకపోతే మొదటివాళ్ళు కదలకూడదు. మొదట్లో ఇద్దరికీ నవ్వొచ్చేది, నాటకంలో డైలాగులా ఉందని. పక్షం రోజుల్లో అలవాటైపోయింది. అయితే ఇద్దరిలో ఒకరు సెలవు పెడితే ఈ మాట చెప్పడానికి రెండో మనిషే ఉండదు. అలాంటి రోజుల్లో వంట పక్క ఇంటి పొయ్యి మీద చేయించి తెప్పించాలని అనుకున్నాం. కొన్నిసార్లు కుదిరింది, కొన్నిసార్లు కుదరలేదు.

మూడోది టీచర్‌గారి సొంత ఆలోచన. కొబ్బరి చిప్పల్ని రూపాయి బిళ్ళ కంటే కొంచెం పెద్దగా కోయించి, నున్నగా రుద్దించి, ఒక్కొక్క దాని మీద ఒక్కో బొమ్మ వేశారు. పడవ, చేప, గొడుగు, అరటిగెల. ఒక్కో పిల్లకి ఒక బొమ్మ. గుమ్మం పక్కన పెద్దవాళ్ళ చెయ్యి అందే ఎత్తులో మేకుల పలక కొట్టారు. పిల్లని దింపినవాళ్ళే బిళ్ళ తగిలించాలి, తీసుకెళ్ళేవాళ్ళే తీసి టీచరు చేతికివ్వాలి. చేతికిచ్చేటప్పుడు మొహం మొహం చూసుకుంటారు. గేటు దగ్గర్నుంచి కేకేయడం దాంతో పోయింది. వడ్డించే ముందు పలక మీద బిళ్ళలు, కింద తలలు ఒకటేనా అని చూస్తారు. బాబు బిళ్ళ బాతు. కావాలని అడిగి వేయించుకున్నాడు.

చెప్పుల లెక్క మాత్రం మానేయించాను. చెప్పులు అక్కడే ఉండి పిల్లాడు లేకపోవడం ఎలా ఉంటుందో చూశాం.

గేటుకి లోపల వైపు నాలుగున్నర అడుగుల ఎత్తులో గడియ పెట్టించాం. తాళం వేద్దామని ఊళ్ళో చాలామంది అన్నారు. ఒప్పుకోలేదు. 2004లో కుంభకోణం బడిలో వంటగది నిప్పు పైకప్పుకి అంటుకుని 94 మంది పిల్లలు కాలిపోయారు. నిప్పు లేచిన రోజున తాళంచెవి ఎవరి కొంగున ఉందో వెతుక్కునే పరిస్థితి ఉండకూడదు. పిల్లలకి అందకూడదు, పెద్దలకి ఒక్క చేత్తో తెరుచుకోవాలి. అదీ కొలత.

దడి సంగతి పెద్ద కథ. బోదె వైపు గోడ కట్టడానికి డబ్బు ఏ పద్దులోనూ దొరకలేదు. కొబ్బరి మట్టల దడి కట్టించాం, ఒక వానకే ఒరిగిపోయింది. అప్పుడు ఒక రొయ్యల రైతు, చెరువు గట్టు చుట్టూ కట్టి తీసేసిన వల ఇచ్చాడు. సరుగుడు గుంజలు పాతి వల బిగించాం. మూడు వారాలకి వలలో మనిషి పట్టేంత కంత. కోసింది దొంగలు కాదు, రేవుకి వెళ్ళే ఆడవాళ్ళు. ఏళ్ళ తరబడి వాళ్ళు నడిచే దారికి మేం అడ్డం కట్టాం, అడగకుండా కట్టాం. వాళ్ళతో కూర్చుని మాట్లాడాక దారి తోట అవతలి గట్టుకి మార్చుకున్నారు, వాళ్ళకి ఇరవై అడుగులు ఎక్కువ నడక. ముందే అడిగి ఉంటే వల ఒక్కసారే కట్టేవాళ్ళం.

ఈ హడావిడిలో ఇంకో రెండు కనపడ్డాయి. మరుగుదొడ్డి దగ్గర నీళ్ళ కోసం నీలం ప్లాస్టిక్ డ్రమ్ము సగానికి కోసి పెట్టారు. అంచు సరిగ్గా మూడేళ్ళ పిల్లల పొట్ట ఎత్తు. ఆ వయసులో తల బరువెక్కువ, నీళ్ళలోకి వంగితే కాళ్ళు లేచి తల్లకిందులుగా పడతారు, మళ్ళీ లేవలేరు. బోదె కోసం ఎనభై మీటర్లు వెళ్ళక్కర్లేదు, బోదె గుమ్మంలోనే ఉంది. దాని బదులు మూత ఉన్న బక్కెట్ వచ్చింది. ఆ డ్రమ్ములో నీళ్ళు ముంచుకునే మగ్గు, పురుగుమందు డబ్బా కోసి చేసినది. కడిగేశామండీ అంది ఆయా. 2013లో బీహార్‌లోని గండామన్ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు పోయింది మోనోక్రోటోఫాస్ వల్లే, వంటనూనెలో కలిసిన పురుగుమందు అది. కుంభకోణం, గండామన్ రెండూ జరిగింది జులై 16నే. ఆ తేదీ నాకు గుర్తుండిపోయింది. ఆ రోజు నా సెక్టార్లో ఎక్కడికి వెళ్ళినా వంటగదిలోని ప్రతి డబ్బా మూత తీసి వాసన చూస్తాను.

నీళ్ళలోంచి తీసిన పిల్లాడిని ఏం చేయాలన్నది కూడా నేర్పించాం. మన వైపు కాళ్ళు పట్టుకుని తల్లకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం అలవాటు. రెండూ తప్పే, విలువైన నిమిషాలు పోతాయి, కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి లేకపోతే ముందు నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదాలి, తర్వాత ఛాతీ నొక్కాలి. ఒక్కరే ఉంటే 30 నొక్కులు, 2 ఊదులు, 108 వచ్చేదాకా. బట్టతో చేసిన బొమ్మ మీద దింపు తీసే అతను కూడా నేర్చుకున్నాడు. అతన్ని పిలవమంది బాబు మామ్మ.

తనిఖీ క్యాలెండర్

ఈ కేసు తర్వాత నా తనిఖీ తేదీల్ని ఆఫీసు నెలల నుంచి తీసేసి నీళ్ళ నెలలకి కట్టాను. కాలువలు వదిలే ముందు వారం ఒకసారి, వదిలిన వారంలో ఇంకోసారి, ప్రతి కేంద్రం చుట్టూ పిల్లల నడకతో నడిచి చూస్తాను. ఊడ్పుల నెలలో హాజరు పడిపోతే అదే ప్రమాద సూచన అనుకుంటాను, ఇళ్ళకి వెళ్తాను. గోదారికి పోటు వచ్చే జులై, ఆగస్టుల్లో ధవళేశ్వరం దగ్గర నీటి లెక్క చూసుకుంటాను. 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక ఇస్తారు, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. లంకల్లో, అంటే నది మధ్య దిబ్బల మీద ఉన్న కేంద్రాలకి పడవ దాటి వచ్చే పిల్లలుంటే మొదటి హెచ్చరికకే ఆపేస్తాం, రెండోదాకా ఆగం. కోతల వేళ రోడ్డు మీద ట్రాక్టర్లు. ఏప్రిల్లో కాలువలు కట్టేశాక, అందరూ ఊపిరి పీల్చుకునే వేళ, ఎండిన బోదెలో పిల్లలు ఆడుతుంటే ఫారంలో 'బోదె ఉంది, ప్రస్తుతం నీళ్ళు లేవు' అని రాస్తాను. రెండు మాటలు ఎక్కువ, అంతే.

పద్నాలుగు నెలల తర్వాత

సెప్టెంబరులో చెప్పకుండా ఆ కేంద్రానికి వెళ్ళాను. గేటు గడియ పెట్టి ఉంది. పైనుంచి చెయ్యి పెట్టి తీసుకుని, మళ్ళీ పెట్టి లోపలికి వెళ్ళాను. టీచర్‌గారు నేల మీద పిల్లల మధ్య కూర్చుని ఉన్నారు. లేవలేదు. "కూర్చోండి మేడమ్‌గారూ, పిల్లలు నా మీద ఉన్నారు" అని మళ్ళీ కథలోకి వెళ్ళిపోయారు. పలక మీద పద్నాలుగు బిళ్ళలు. తలలు లెక్కపెట్టాను, పద్నాలుగు. బాతు బిళ్ళ లేదు, బాబుకి జ్వరమట.

కథ అయ్యేదాకా ఖాళీయే కదా అని వెనక్కి వెళ్ళి వల చూశాను. రెండో గుంజ దగ్గర అడుగున మళ్ళీ ఒక కంత ఉంది, ఈసారి మేక దూరేంత. మేక దూరితే మూడేళ్ళవాడూ దూరతాడు. కొబ్బరి పీచు తాడుతో అప్పటికి కట్టి, గుంజ నంబరు రాసుకున్నాను.